కంప్యూటర్ లేవడం లేదా? ఫార్మాట్ చేయించే ముందు ఇది చదవండి

మన హాస్టల్ కంప్యూటర్ గదిలో కిటికీ పక్కనున్న పాత కంప్యూటర్ అందరికీ తెలిసిందే. సర్టిఫికెట్లు స్కాన్ చేసుకున్నా, స్కాలర్‌షిప్ దరఖాస్తు పెట్టుకున్నా, ప్రాజెక్టు రిపోర్టు టైపు చేసుకున్నా దాని మీదే. నేను డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉండగా అది రెండు రోజుల పాటు మూగబోయింది. ఎందుకు మూగబోయిందో అప్పుడు కొందరికే తెలుసు. కారణం నేనే. ఈ వార్షికోత్సవ సంచికలో ఏదైనా రాయమని అడిగినప్పుడు, కవిత కంటే ఆ రెండు రోజుల్లో నేర్చుకున్నది రాస్తే చెల్లెళ్ళకు పనికొస్తుందనిపించింది.

ఆ కంప్యూటర్‌లో రెండు విండోస్‌లు ఉండేవి. పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్, పాత ప్రింటర్ విండోస్ 7లోనే పనిచేసేవి. ఆన్‌లైన్ పనులకు విండోస్ 10 వేశారు. ఆన్ చేయగానే రెండు పేర్లతో ఒక పట్టిక వచ్చి, మనం ఏదో ఒకటి ఎంచుకునే వరకు 30 సెకన్లు ఆగేది. దాన్నే బూట్ మెనూ అంటారు. ఆ 30 సెకన్లు నాకు దండగ అనిపించాయి. బూట్ మెనూను మార్చే చిన్న సాఫ్ట్‌వేర్ ఒకటి, అంటే బూట్ మెనూ ఎడిటర్, వేశాను. విండోస్ 7ను మొదటి ఎంపికగా పెట్టి, ఆగే సమయాన్ని సున్నా చేశాను. అక్కడితో ఆగితే బాగుండేది. విండోస్ 7 ఎదురుగా డ్రైవ్ ‘డీ’ అని కనిపించింది. ‘డీ’లో మన ఫైళ్ళు కదా ఉండేది, ఇది తప్పు అనుకుని ‘ఈ’ అని మార్చి సేవ్ చేశాను.

రీస్టార్ట్ చేస్తే మెనూ రాలేదు. విండోస్ కూడా రాలేదు. నీలి తెర మీద కంప్యూటర్‌కు మరమ్మతు కావాలని ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు, కింద ఒక ఫైలు పేరు, ఒక కోడ్. ఎంటర్ కొడితే మళ్ళీ అదే తెర.

అందులో ఎం.ఎస్సీ. అక్క ఒకరి ప్రాజెక్టు రిపోర్టు ఉంది. సోమవారం వైవా. ఇంకో కాపీ ఎక్కడా లేదు. ఎంతోమంది కుల, ఆదాయ ధ్రువపత్రాల స్కాన్లూ అందులోనే ఉన్నాయి. షాపతను వచ్చి చూసి, “ఫార్మాట్ కొట్టాలి, డేటాకు గ్యారంటీ లేదు” అన్నాడు. వార్డెన్ మేడమ్ ఎదుట నిలబడి జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాను. నాకు దెబ్బల భయం లేదు, తిట్ల భయం లేదు. ఇక ఆ గదికి తాళం పడుతుందన్నదే భయం. పాడైపోతుందని గుడ్డ కప్పి, తాళం వేసి ఉంచిన కంప్యూటర్లను నేను చదివిన చోట్ల చూశాను. మేడమ్ ఆలోచించి, “ఆదివారం దాకా చూడు, తర్వాత షాపుకే ఇద్దాం” అన్నారు.

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి ఏడ్చాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదలు. అమ్మ పొలం పనులకు వెళుతుంది, కంప్యూటర్ ముట్టుకుని ఎరగదు. అంతా విని, “కరెంటు వస్తోందా? ఎక్కడి దాకా వచ్చి ఆగింది తల్లీ?” అని అడిగింది. “మోటారు తిరగకపోతే ఫీజు చూస్తారు, స్టార్టరు చూస్తారు, వైరు చూస్తారు. బావి పూడ్చుతారా?” అంది.

ఫార్మాట్ అంటే బావి పూడ్చడమే. ఎక్కడి దాకా వచ్చి ఆగిందో చూడటమే అసలు పని. మర్నాడు తెర మీది కోడ్‌ను నోటుబుక్‌లో రాసుకుని కాలేజీ ల్యాబ్‌కు వెళ్ళాను.

కంప్యూటర్ ఎలా నిద్రలేస్తుంది?

మన హాస్టల్ పొద్దుటి పూటతో పోల్చి చెబుతాను. ముందు వాచ్‌మన్ లేచి లైట్లు వేసి గేటు తీస్తాడు. కంప్యూటర్‌లో ఈ పని చేసేది మదర్‌బోర్డు మీద ఉండే బయోస్. ర్యామ్, కీబోర్డు, డిస్కు ఉన్నాయో లేదో చూసుకుని, ‘ఏ డిస్కు నుంచి మొదలుపెట్టాలి’ అన్న వరుస ప్రకారం హార్డ్‌డిస్కు దగ్గరకు వెళుతుంది.

పాత పద్ధతి కంప్యూటర్లలో డిస్కు మొట్టమొదటి భాగం 512 బైట్లు. దాన్ని ఎం.బి.ఆర్. అంటారు. అందులో 446 బైట్లు చిన్న ప్రోగ్రాము, 64 బైట్లు పార్టిషన్ల వివరం, చివరి 2 బైట్లు గుర్తు. ఆ చిన్న ప్రోగ్రాము ‘యాక్టివ్’ అని గుర్తుపెట్టిన పార్టిషన్‌ను వెతుకుతుంది. అక్కడ బూట్‌ఎంజీఆర్ అనే ఫైలు ఉంటుంది. ఈ ఫైలును మన ఆఫీసు గదిలో టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్ళనుకోండి. వాళ్ళ చేతిలో గదుల పట్టిక ఉంటుంది. దాని పేరు బీసీడీ. ఏ విండోస్ ఏ గదిలో ఉంది, ముందు ఎవరిని పిలవాలి, ఎన్ని సెకన్లు ఆగాలి అన్నవి అందులో ఉంటాయి. పట్టిక చూసి ఆ గదిలోని విన్‌లోడ్ అనే ఫైలును పిలిస్తే, అది అసలు విండోస్‌ను లేపుతుంది.

విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో చదువుకున్న అక్కలకు ఎన్‌టీఎల్‌డీఆర్, బూట్.ఐఎన్‌ఐ అన్న పేర్లు గుర్తుండే ఉంటాయి. అప్పుడు పట్టిక మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరుచుకునేది. 2007లో విండోస్ విస్టా వచ్చినప్పటి నుంచి ఆ స్థానంలోకి బీసీడీ వచ్చింది. అది నోట్‌ప్యాడ్‌లో తెరుచుకోదు. అందుకే బూట్ మెనూ ఎడిటర్ల అవసరం పెరిగింది.

బూట్ మెనూ ఎడిటర్ మార్చేది ముఖ్యంగా ఈ పట్టికనే. ఆఫీసులో గదుల పట్టిక చెరిగిపోతే గదుల్లో ఉన్న పిల్లలు మాయమైపోరు కదా. ఎవరిని ఎక్కడ పిలవాలో తెలియదు, అంతే. మన ఫైళ్ళు కూడా అలాగే వాటి చోట వాటంతటవే ఉంటాయి. ఈ ఒక్క మాట అర్థమయ్యాక నాకు సగం ప్రాణం లేచివచ్చింది.

నేను చేసిన పొరపాటు ఏమిటి?

సీ, డీ, ఈ అన్న డ్రైవ్ అక్షరాలు డిస్కు మీద చెక్కి ఉండవు. ఏ విండోస్‌లో కూర్చుంటే ఆ విండోస్ తనకు తోచినట్టు పెట్టుకుంటుంది. మన కంప్యూటర్‌లో విండోస్ 7లో కూర్చుంటే ఫైళ్ళ పార్టిషన్ పేరు ‘డీ’. విండోస్ 10లో కూర్చుంటే విండోస్ 7 ఉన్న పార్టిషన్ పేరు ‘డీ’, ఫైళ్ళ పార్టిషన్ పేరు ‘ఈ’. నేను ఎడిటర్ తెరిచింది విండోస్ 10లో. అది చూపించిన ‘డీ’ సరైనదే. దాన్ని నేను ‘ఈ’గా మార్చాను. అంటే విండోస్ 7ను మన ఫైళ్ళ గదిలో వెతకమని చెప్పాను. అక్కడ విన్‌లోడ్ ఎందుకుంటుంది? పైగా సమయం సున్నా చేయడం వల్ల రెండో విండోస్‌ను ఎంచుకునే దారి కూడా నేనే మూసేశాను.

తెర మీది కోడ్ ఈ సంగతే చెప్పింది. అది 0ఎక్స్‌సీ000000ఎఫ్. చివర ‘ఎఫ్’ ఉంటే ‘అలాంటి ఫైలు లేదు’ అని అర్థం. అదే చివర ‘ఈ’ ఉంటే ‘అలాంటి డిస్కు లేదా పరికరం లేదు’ అని. కాబట్టి తెర మీది కోడ్‌ను, దాని పక్కనున్న ఫైలు పేరును తప్పకుండా రాసుకోండి. ఫైలు పేరు విన్‌లోడ్ అయితే పట్టిక చదవగలిగింది గానీ అందులోని చిరునామా తప్పు, లేదా ఆ ఫైలే పాడైంది. ఫైలు పేరు బీసీడీ అయితే పట్టికే దొరకలేదు, లేదా పాడైంది.

ఎలా బాగుచేశాను?

కాలేజీ ల్యాబ్‌లో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో విండోస్ 10 ఇన్‌స్టలేషన్ తయారుచేసుకున్నాను. ఇలా తయారుచేస్తే పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి. ఖాళీది వాడండి. దాన్ని పెట్టి, ఆన్ చేయగానే ఎఫ్12 నొక్కి, పెన్‌డ్రైవ్ నుంచి లేపాను. కంపెనీని బట్టి ఈ మీట ఎఫ్9, ఎఫ్11, ఎస్కేప్ కూడా కావచ్చు. తర్వాత వచ్చే తెరలో ‘ఇన్‌స్టాల్ నౌ’ అని పెద్దగా ఉంటుంది. దాన్ని నొక్కకూడదు. కింద మూలన చిన్నగా ‘రిపేర్ యువర్ కంప్యూటర్’ అని ఉంటుంది. మన దారి అది. అందులో ట్రబుల్‌షూట్‌లోకి వెళితే ‘స్టార్టప్ రిపేర్’ కనిపిస్తుంది. కొత్తవాళ్ళు ముందు దాన్నే ప్రయత్నించవచ్చు. చాలాసార్లు పని అయిపోతుంది. నేను మాత్రం తప్పు ఎక్కడో తెలిసింది కనుక కమాండ్ ప్రాంప్ట్ తెరిచాను.

కింద ఆదేశాలను పలికినట్టు తెలుగులో రాస్తున్నాను. టైపు చేసేది ఇంగ్లీషులోనే.

మొదట డిస్క్‌పార్ట్ అని కొట్టి, తర్వాత లిస్ట్ వాల్యూమ్ అని కొట్టాను. పార్టిషన్లు, వాటి సైజులు, అక్షరాలు కనిపించాయి. ఇక్కడ అక్షరాలు మళ్ళీ మారాయి! విండోస్ 7 వేసినప్పుడు అది తన కోసం 100 ఎంబీల చిన్న పార్టిషన్ ఒకటి చేసుకుంటుంది. మామూలుగా అది మనకు కనిపించదు. ఇక్కడ దానికే ‘సీ’ అని పేరు పడింది. బూట్‌ఎంజీఆర్, పట్టిక ఉండేవి అందులోనే. కాబట్టి అక్షరాన్ని నమ్మకండి, సైజు చూసి పోల్చుకోండి. డిస్క్‌పార్ట్‌లో చూడటం వరకే. ‘క్లీన్’, ‘ఫార్మాట్’, ‘డిలీట్’ అనే మాటలు అక్కడ కొట్టకూడదు. ‘ఎగ్జిట్’ కొట్టి బయటకు రావాలి.

తర్వాత కొట్టింది ఒక్క ఆదేశం:

బీసీడీఎడిట్ /స్టోర్ సీ:\బూట్\బీసీడీ /టైమౌట్ 30

ఫలానా చోట ఉన్న పట్టికలో ఆగే సమయం 30 సెకన్లు చెయ్యి అని దీని అర్థం. పెన్‌డ్రైవ్ నుంచి లేచినప్పుడు ఏ పట్టికో చెప్పకపోతే ఒక్కోసారి అది దొరకడం లేదని అంటుంది. అందుకే స్టోర్ అని చోటు చెప్పాలి. పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేశాను. 30 సెకన్ల మెనూ మళ్ళీ వచ్చింది. రెండు రోజుల ముందు దండగ అనుకున్న ఆ మెనూను చూసి కళ్ళనీళ్ళు వచ్చాయి. విండోస్ 10 ఎంచుకుంటే మామూలుగా లేచింది. ముందు అక్క రిపోర్టు తెరిచి చివరి పేజీ దాకా చూశాం. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాకే ఎడిటర్ తెరిచి విండోస్ 7 ఎదురుగా ‘డీ’ని తిరిగి పెట్టాను. అక్క సోమవారం వైవాకు వెళ్ళింది.

తెర మీద ఇంకేమి రావచ్చు?

1. అసలు తెర మీద ఏమీ రాకుండా బీప్ శబ్దాలు వస్తే అది బూట్ మెనూ చిక్కు కాదు. వాచ్‌మనే లేవలేదన్నమాట. ర్యామ్ వదులైందేమో చూడాలి.

2. ‘నో బూటబుల్ డివైస్’, ‘ఆపరేటింగ్ సిస్టమ్ నాట్ ఫౌండ్’ వంటి మాటలు వస్తే బయోస్ దాకా వచ్చి ఆగింది. ముందు పెన్‌డ్రైవ్ ఏదైనా పెట్టి మరిచిపోయారేమో చూడండి. తర్వాత బయోస్‌లో హార్డ్‌డిస్కు పేరు కనిపిస్తోందా, వరుసలో ముందుందా చూడండి. పేరే కనిపించకపోతే కేబులో, డిస్కో చూడాలి. ఎడిటర్‌తో సంబంధం లేదు.

3. ‘బూట్‌ఎంజీఆర్ ఈజ్ మిస్సింగ్’ అంటే డిస్కు దొరికింది, ఆ ఫైలు దొరకలేదు. చాలావరకు ‘యాక్టివ్’ గుర్తు వేరే పార్టిషన్ మీదకు మారి ఉంటుంది. స్టార్టప్ రిపేర్‌తో ప్రయత్నించండి.

4. బీసీడీ పేరుతో 0ఎక్స్‌సీ000000ఎఫ్ గానీ, 0ఎక్స్‌సీ0000034 గానీ వస్తే పట్టికను కొత్తగా రాయాలి. దానికి బీసీడీబూట్ అనే ఆదేశం ఉంది. దాని తర్వాత విండోస్ ఉన్న ఫోల్డర్ చిరునామా ఇవ్వాలి. అక్షరం ఏమిటో డిస్క్‌పార్ట్‌లో చూసుకున్నాకే ఇవ్వాలి.

5. ‘గ్రబ్ రెస్క్యూ’ అని వస్తే మీ కంప్యూటర్‌లో లైనక్స్ ఉందని, దాని మెనూ ఫైళ్ళున్న పార్టిషన్ చెరిగిందని లేదా మారిందని అర్థం. లైనక్స్ అక్కర్లేదనుకుని విండోస్‌లోంచి దాని పార్టిషన్ తీసేసినవాళ్ళకు ఇదే ఎదురవుతుంది. దీనికి తిరుగుడు సంగతి కూడా ఉంది. పాత పద్ధతి కంప్యూటర్‌లో ‘బూట్‌రెక్ /ఫిక్స్‌ఎంబీఆర్’ కొడితే విండోస్ లేస్తుంది గానీ గ్రబ్ చెరిగిపోయి లైనక్స్ కనిపించదు. అప్పుడు లైనక్స్ పెన్‌డ్రైవ్ నుంచి లేపి గ్రబ్‌ను మళ్ళీ వేసుకోవాలి.

కొత్త ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళకు

ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో బయోస్ స్థానంలో యూఈఎఫ్‌ఐ ఉంటుంది. ఎం.బి.ఆర్., యాక్టివ్ గుర్తు అన్న గొడవ లేదు. ఈఎఫ్‌ఐ అనే చిన్న పార్టిషన్‌లో విండోస్‌కు, లైనక్స్‌కు వేరువేరు ఫోల్డర్లు ఉంటాయి. ఎడిటర్ వాడాక లేవకపోతే ముందు ఆన్ చేయగానే ఎఫ్12 వంటి మీట నొక్కి, వచ్చే పట్టికలో ‘విండోస్ బూట్ మేనేజర్’ను ఎంచుకుని చూడండి. లేచిందంటే ఏదీ చెడలేదు, వరుస మాత్రమే మారింది. యూఈఎఫ్‌ఐ సెట్టింగుల్లో వరుస సరిచేస్తే చాలు.

ఇంకొక సంగతి చాలా ముఖ్యం. కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌లలో డిస్కు బిట్‌లాకర్‌తో తాళం వేసి ఉండవచ్చు. మీరు వేయకపోయినా, కొన్నప్పుడు మైక్రోసాఫ్ట్ ఖాతాతో తెరిచి ఉంటే దానంతటదే పడి ఉండవచ్చు. బూట్ సెట్టింగులు మారిస్తే అది అనుమానించి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే ఫైళ్ళు నిజంగానే అందవు. కాబట్టి ఏదైనా మార్చే ముందు ఆ 48 అంకెలు మీ ఖాతాలో చూసి కాగితం మీద రాసి, ల్యాప్‌టాప్ బ్యాగులో కాకుండా వేరే చోట దాచండి.

మార్చే ముందు పాటించవలసినవి

ఒకటి, ఎడిటర్ నిజంగా కావాలా అని ఆలోచించండి. ఆగే సమయం, మొదటి ఎంపిక మార్చడానికి విండోస్‌లోనే ఎంఎస్‌కాన్ఫిగ్ ఉంది. రన్‌లో ఆ పేరు కొట్టి ‘బూట్’ అన్న చోట చూడండి. అది 3 సెకన్ల కంటే తక్కువ పెట్టనివ్వదు. ఎందుకు పెట్టనివ్వదో నాకు ఇప్పుడు బాగా తెలుసు.

రెండు, పట్టికకు కాపీ తీసుకోండి. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ‘బీసీడీఎడిట్ /ఎక్స్‌పోర్ట్’ అని, ఒక ఖాళీ ఇచ్చి, ఫైలు చిరునామా ఇస్తే చాలు. తిరిగి పెట్టాలంటే ఎక్స్‌పోర్ట్ స్థానంలో ‘ఇంపోర్ట్’. ఆ కాపీని పెన్‌డ్రైవ్‌లో కూడా ఉంచండి.

మూడు, ఒకసారికి ఒక్కటే మార్చి రీస్టార్ట్ చేసి చూడండి. నేను ఒకేసారి మూడు మార్చాను. తప్పు ఏదో తెలుసుకోవడానికే ఒక రోజు పట్టింది.

నాలుగు, ఎవరైనా ఫార్మాట్ అంటే, “ముందు ఫైళ్ళు బయటకు తీయండి” అని గట్టిగా అడగండి. డిస్కు చెడిపోకుండా, బిట్‌లాకర్ తాళం లేకుండా ఉంటే ఉబుంటు పెన్‌డ్రైవ్ పెట్టి, ఇన్‌స్టాల్ చేయకుండా ‘ట్రై ఉబుంటు’ ఎంచుకుని, ఫైళ్ళను వేరే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవచ్చు. డబ్బు ఖర్చు లేదు.

విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరితోనే ముగిసింది. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మనలాంటి హాస్టళ్ళలో పాత కంప్యూటర్ల మీద ఇక రకరకాల మార్పులు, లైనక్స్ వేయడాలు ఎక్కువే అవుతాయి. కాబట్టి ఇవి తెలిసి ఉండటం మంచిది.

ఆ ఆదివారం సాయంత్రం మేడమ్ గదికి వచ్చి కంప్యూటర్ చూశారు. తాళం వేయించలేదు. ఒక పొడుగు నోటుబుక్ తెప్పించి, గేటు దగ్గర మూవ్‌మెంట్ రిజిస్టర్‌లాగా దారంతో టేబుల్‌కు కట్టించారు. తేదీ, పేరు, ఏమి మార్చారు, అంతకుముందు ఎలా ఉంది అని నాలుగు గడులు గీయించారు. మొదటి వరుసలో నా పేరే ఉంది, ‘డీని ఈగా మార్చాను’ అని.

చెల్లెళ్ళారా, ఆ పుస్తకం ఇప్పటికీ అక్కడే ఉంది. కంప్యూటర్‌ను ముట్టుకోవడానికి భయపడకండి. మార్చే ముందు మాత్రం అందులో ఒక్క వరుస రాయండి.